పెరటి తేనెటీగలు: గుంపును పట్టి పెట్టెలో పెట్టడం ఎలా?



తెలుగులో మనం తేనె అంటాము. తమిళంలో తేన్, కన్నడంలో జేను. మాట ఒకటే, ఊరును బట్టి పలుకు మారింది. ఒడిశాలో ఉన్న మనవాళ్ళు తేనెటీగను మహుమాఛి అని, మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు మధమాశీ అని వింటూ ఉంటారు. ఏ పేరుతో పిలిచినా ఈ పురుగు మనందరి ఊళ్ళలోనూ ఉంది. దాన్ని గురించి నాకు తెలిసినంత, నేను చేసి చూసినంత ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను. మాది హోసూరు ప్రాంతం. 2012 నుండి పెరట్లో రెండు మూడు పెట్టెలు పెట్టుకొని ఉన్నాను. ఇందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి. వాటిని దాచకుండా వ్రాయడమే మీకు ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

ముందుగా ఒక మాట. ఏటా పూలకాలం వచ్చేసరికి ఏదో ఒక వీధిలో చెట్టుకొమ్మకు తేనెటీగల గుంపు వాలుతుంది. వెంటనే ఎవరో ఒకరు కర్రకు గుడ్డ చుట్టి కిరోసిన్ పోసి వెలిగిస్తారు. వేల ప్రాణాలు కాలిపోతాయి. ఆ గుంపు చాలాసార్లు ఒకటి రెండు రోజులలో తనంతట తానే లేచిపోయేది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి వీధికొకరున్నా ఆ మంట ఆగుతుంది.

మన చుట్టూ ఉన్న తేనెటీగలు

గుంపును చూడగానే పట్టడానికి పోకూడదు. అది ఏ జాతి అని మొదట తెలుసుకోవాలి.

1. కొండ తేనెటీగ (ఎపిస్ డార్సేటా): అన్నిటికన్నా పెద్దది. ఎత్తైన చెట్లకు, నీళ్ళ ట్యాంకులకు, మేడల అంచులకు ఒకే ఒక పెద్ద పట్టు బయటికి కనబడేలా కడుతుంది. కోపం ఎక్కువ, కదిలిస్తే చాలా దూరం తరుముతుంది. దీన్ని పెట్టెలో పెంచలేము. విద్యార్థులు దీని జోలికి ఎన్నడూ పోకూడదు.

2. చిన్న తేనెటీగ (ఎపిస్ ఫ్లోరియా): పొదలలో, కంచెలలో అరచేయంత ఒకే పట్టు కడుతుంది. ఇది కూడా పెట్టెలో నిలవదు.

3. పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా): చెట్టు తొర్రలలో, పుట్టలలో, గోడ సందులలో చీకటిగా ఉన్న చోట ఒకదాని పక్కన ఒకటిగా అనేక పట్లు కడుతుంది. పెరటి పెట్టెకు తగినది ఇదే. ఈ వ్యాసం దీన్ని గురించే.

4. ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా): 1960లలో ఉత్తర భారతంలో స్థిరపరచిన జాతి. తేనె ఎక్కువ ఇస్తుంది. అయితే దానికి పెద్ద పెట్టె, ఎక్కువ మేత, పూలను వెదుకుతూ పెట్టెలను ఊరూరా తిప్పే ఓపిక కావాలి.

ఇవి కాక ముల్లు లేని చిన్న నల్ల ఈగలు కూడా గోడ సందులలో కాపురముంటాయి. వాటి తేనె చాలా కొద్ది.

గుంపు ఎందుకు బయలుదేరుతుంది?

ఒక కుటుంబంలో ఒక రాణి, కొన్ని వేల కూలి ఈగలు, పూలకాలంలో కొన్ని వందల పోతుటీగలు ఉంటాయి. కూలి ఈగలన్నీ ఆడవే. పోతుటీగలు ఫలదీకరణ జరగని గుడ్ల నుండి పుడతాయి. వాటికి ముల్లు ఉండదు.

పూలు బాగా పూచి పుప్పొడి, మకరందం సమృద్ధిగా వచ్చినపుడు రాణి గుడ్లు ఎక్కువ పెడుతుంది. ఇల్లు ఇరుకవుతుంది. రాణి శరీరం నుండి వెలువడే వాసన పదార్థమే కుటుంబాన్ని ఒకటిగా ఉంచుతుంది. జనం పెరిగినకొద్దీ ఆ వాసన ప్రతి ఈగకూ తగినంత అందదు. అప్పుడు కూలి ఈగలు పట్టు అడుగు అంచున వేరుసెనగ కాయలా వ్రేలాడే రాణి గదులు కడతాయి. వాటిలోని పిల్లలకు కడదాకా రాజాహారమే పెడతాయి. ఆ గదుల మూతలు పడే సమయానికి పాత రాణి, సుమారు సగం జనాన్ని వెంటబెట్టుకొని ఇల్లు విడిచి పోతుంది. కొత్త రాణికి ఇల్లు వదిలి పెద్దది బయటికి పోవడం ఇక్కడి రివాజు.

బయలుదేరే ముందు ఈగలన్నీ కడుపు నిండా తేనె త్రాగుతాయి. దారిలో తినడానికీ, కొత్త ఇంట్లో మైనం తయారు చేయడానికీ అదే ఆధారం. కడుపు నిండి ఉండటం వలన, కాపాడుకోవలసిన పిల్లలు గానీ తేనె గానీ దగ్గర లేకపోవడం వలన, గుంపులోని ఈగలు మామూలుగా కుట్టవు. "మామూలుగా" అన్న మాటను గుర్తుంచుకోండి. దాని గురించి తరువాత చెబుతాను.

కొత్త ఇల్లు ఎలా వెదుకుతాయి?

కొమ్మకు వాలిన గుంపు ఊరకే కూర్చోదు. అనుభవమున్న కొన్ని ఈగలు నాలుగు దిక్కులా పోయి తొర్రలు చూసి వస్తాయి. వచ్చి గుంపు మీదనే నాట్యం చేస్తాయి. ఆ నాట్యం ఒక భాష. తోక ఊపుతూ నడిచే దిశ సూర్యునితో కోణాన్ని, ఎంతసేపు ఊపింది అన్నది దూరాన్ని తెలుపుతాయి. ఆహారం కోసం చేసే ఈ నాట్యాన్ని చదివినవాడు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ వాన్ ఫ్రిష్. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. గుంపులోని ఈగలు ఇల్లు వెదికేటప్పుడు కూడా ఇదే నాట్యం చేస్తాయని ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1955లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. మంచి చోటు చూసిన ఈగ ఎక్కువసార్లు నాట్యమాడుతుంది, సామాన్యమైన చోటు చూసింది త్వరగా మానేస్తుంది. క్రమంగా ఎక్కువమంది ఒకే చోటు వైపు మొగ్గుతారు. అప్పుడు గుంపు లేస్తుంది. దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు, రెండు మూడు రోజులు కూడా పట్టవచ్చు. మనం గుంపును పట్టగలిగేది ఈ వ్యవధిలోనే.

పెట్టె

పూర్వం మన పల్లెలలో మట్టి కుండకు చిన్న చిల్లు పెట్టి, లోపల మైనం రుద్ది, చెట్టు కొమ్మల నడుమ పెట్టేవారు. గుంపు తానే వచ్చి చేరేది. కానీ తేనె కావాలంటే పట్లను పిండాలి, అంటే ఇల్లు పాడు చేయాలి. 1851లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక ముఖ్యమైన సంగతి గమనించాడు. రెండు పట్ల నడుమ ఈగ నడిచేంత సందు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు, వదిలితే ఈగలు దాన్ని పూడ్చవు. దీనితో కదిలే చట్రాల పెట్టె సాధ్యమైంది. మన పుట్ట తేనెటీగకు సరిపోయే చిన్న పెట్టెను తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలకు చెందిన ఫాదర్ న్యూటన్ 20వ శతాబ్ది రెండవ దశకంలో రూపొందించాడు. నేటికీ దక్షిణాదిలో "న్యూటన్ పెట్టె" అంటే అదే.

దాని భాగాలు: అడుగు పలక, పిల్లల గది (7 చట్రాలు), దానిపైన తేనె గది, మూత. అన్నీ నాలుగు కాళ్ళ స్టాండు మీద ఉంటాయి. ఒక్కొక్క కాలి క్రింద నీళ్ళ గిన్నె ఉండాలి, లేకుంటే చీమలు ఎక్కుతాయి. పెట్టెను ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ ఉండేలా పెట్టాలి. ద్వారం జనం నడిచే దారి వైపు ఉండకూడదు.

గుంపును పట్టే పద్ధతి

పెద్దలు మాత్రమే చేయవలసిన పని ఇది. విద్యార్థులు దూరంగా ఉండి చూడవచ్చు.

1. గుంపు పుట్ట తేనెటీగలదేనని నిర్ధారించుకోవాలి. కొండ తేనెటీగల గుంపు కూడా వలస పోతూ కొమ్మలకు వాలుతుంది. ఈగ పెద్దదిగా, గుంపు భారీగా కనిపిస్తే వెనుకకు రావాలి.

2. ముఖానికి వల, పొడుగు చేతుల లేత రంగు చొక్కా, బూట్లు ఉండాలి. అత్తరు, పూలనూనె రాసుకోకూడదు.

3. గుంపు మీద నీళ్ళు సన్నగా చల్లాలి. వాన అనుకొని ఈగలు దగ్గరగా ముడుచుకుంటాయి, ఎగరవు.

4. పలుచని బట్టసంచిని గానీ, మూతకు జాలీ ఉన్న డబ్బాను గానీ గుంపు క్రింద పట్టుకొని కొమ్మను ఒకే ఒక్క కుదుపు కుదపాలి. చిన్న కొమ్మ అయితే మెల్లగా కోసి దించవచ్చు.

5. రాణి సంచిలో పడిందా అని చూడాలి. పడి ఉంటే మిగిలిన ఈగలు తోక పైకెత్తి రెక్కలు విసురుతూ వాసన చల్లి తక్కినవాటిని పిలుస్తాయి, అరగంటలో అన్నీ చేరతాయి. పడకుంటే మళ్ళీ కొమ్మకే పోయి వాలతాయి. అప్పుడు మొదటి నుండి చేయాలి.

6. సంచిని నీడలో ఉంచి, సాయంత్రం చీకటి పడే వేళ పెట్టెలోకి దులపాలి. పగలు పెడితే లేచిపోయే అవకాశం ఎక్కువ.

7. మరో పెట్టె ఉంటే అందులో నుండి పిల్లలున్న చట్రం ఒకటి తెచ్చి ఇందులో పెట్టాలి. పిల్లలను వదిలి ఈగలు సులభంగా పోవు. ఇది అన్నిటికన్నా బలమైన కట్టు.

8. నాలుగైదు రాత్రులు, 200 గ్రాముల చక్కెరను 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి పెట్టె లోపల పెట్టాలి. మునిగిపోకుండా అందులో నాలుగు పుల్లలు వేయాలి.

ద్వారానికి రాణి తడిక పెట్టడం గురించి ఒక హెచ్చరిక. కూలి ఈగలు దూరగలిగి రాణి దూరలేని సన్నని సందుల తడిక అది. పెద్ద గుంపుతో వచ్చేది పాత రాణి. అది ఇదివరకే పోతుటీగలతో కలిసి ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజులు తడిక పెట్టినా నష్టం లేదు. అయితే పాత ఇంటి నుండి కొన్ని రోజుల తరువాత వచ్చే చిన్న గుంపులో ఉండేది కన్నె రాణి. అది బయటికి ఎగిరి పోతుటీగలతో కలిస్తేనే కూలి ఈగలను కనగలదు. దానికి తడిక పెడితే కుటుంబం నశిస్తుంది. కనుక చిన్న గుంపుకు తడిక వద్దు, పిల్లల చట్రమే ఇవ్వండి.

నా మొదటి తప్పు

2012లో మా ఇంటి కానుగ చెట్టుకు వాలిన గుంపును ఒక పెద్దాయన సాయంతో పట్టాను. మరుసటి సంవత్సరం వానాకాలం ముందు పెట్టె తెరిచి చూస్తే తేనె కనబడింది. ఆశకు పోయి తేనె గదిలోదే కాక పిల్లల గదిలో అంచులకు ఉన్న తేనె కూడా తీసుకున్నాను. సుమారు రెండు కిలోలు వచ్చింది. ఇల్లంతా సంబరం. తరువాత వరుసగా ముసురు పట్టింది. పూలు లేవు, ఇంట్లో తిండి లేదు. ఒక ఉదయం చూస్తే పెట్టెలో ఒక్క ఈగ లేదు. ఖాళీ పట్లలో మైనపు పురుగులు గూడు కట్టి ఉన్నాయి.

గుంపుగా బయలుదేరడం వేరు, ఇల్లు వదిలి పారిపోవడం వేరు. మొదటిది కలిమిలో జరుగుతుంది, పాత ఇంట్లో సగం జనం మిగులుతారు. రెండవది లేమిలో జరుగుతుంది, ఎవరూ మిగలరు. ఆకలి, చీమలు, మైనపు పురుగు, ఎండ, మాటిమాటికీ పెట్టె తెరవడం దీనికి కారణాలు. పుట్ట తేనెటీగకు ఈ గుణం ఎక్కువ. ఆనాటి నుండి నా నియమం ఒకటే: పిల్లల గదిలోని తేనె వాటిది, పై గదిలోనిది మాత్రమే మనది.

నా రెండవ తప్పు

ఇది వ్రాయడం కష్టం. కానీ ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే.

2017 మార్చిలో వీధి చివర చింతచెట్టుకు గుంపు వాలింది. అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుతున్న మా చెల్లెలి కొడుకు, "మామా, నిచ్చెన నేను పట్టుకుంటాను" అన్నాడు. గుంపులోని ఈగలు కుట్టవు కదా అనుకొని సరేనన్నాను. నాకు వల ఉంది, వాడికి లేదు. కొమ్మ కుదిపేసరికి కొన్ని ఈగలు వాడి మెడ మీద పడ్డాయి. వాడు చేతితో కొట్టాడు. రెండు కుట్టాయి. అంతే. పది నిమిషాలలో వాడి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి, గొంతు బొంగురుపోయింది, ఊపిరి అందడం లేదన్నాడు. 108కి ఫోన్ చేశాము. ఆసుపత్రిలో అడ్రినలిన్ సూది వేశారు. బిడ్డ దక్కాడు.

ఆ రాత్రి మా చెల్లెలు నన్ను కోప్పడలేదు. ఒక్క మాట అంది: "తేనె ఎంత కావాలని ఇంటింటికీ పోయి అడుగుతావే అన్నా, వీడికి ఇదివరకు ఈగ కుడితే ఏమైందని నన్నొక మాట అడగకపోతివే." అంతకు ముందు ఏడాది బడిలో ఒక ఈగ కుట్టినపుడు వాడికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయట. నేను అడిగి ఉంటే తెలిసేది.

కనుక తల్లిదండ్రులు ఇవి గుర్తుంచుకోవాలి:

- తేనెటీగ ముల్లుకు కొక్కేలుంటాయి. అది చర్మంలోనే ఉండిపోయి విషం దింపుతూ ఉంటుంది. గోటితో గీకినా, లాగినా సరే, వెంటనే తీసివేయాలి. ఆలస్యమే ప్రమాదం.
- కుట్టినచోట అరటిపండు వంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగలకు హెచ్చరిక. అక్కడే నిలబడక దూరంగా పోవాలి. చేతులు ఆడించకూడదు.
- కుట్టినచోట మాత్రమే వాపు, నొప్పి ఉంటే ఐస్ పెడితే చాలు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతి - వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.
- ఒకసారి అలా జరిగినవారికి మరుసటిసారి ఇంకా తీవ్రం కావచ్చు. వారు పెట్టెల దగ్గరకు పోకూడదు, డాక్టరు సలహా తీసుకోవాలి.
- ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకూడదు. కొందరు పుట్టిన బిడ్డకే పెడతారు. తేనెలో ఉండగల ఒక రకం బాక్టీరియా పసిపేగులలో పెరిగి ప్రాణాపాయం కలిగిస్తుంది.

మా మేనల్లుడు ఆ తరువాత పెట్టె దగ్గరకు రాలేదు, మేము రానివ్వలేదు. కానీ వాడు మానుకోలేదు. దోమల జాలీ కొట్టిన కిటికీ వెనుక కూర్చొని ఒక నోటుబుక్కులో వ్రాసేవాడు: ఏ వేళకు ఎన్ని ఈగలు పుప్పొడితో వచ్చాయి, ఏ రంగు పుప్పొడి, ఏ చెట్టు పూచింది. 2020లో కాలేజీకి పోయేదాకా వ్రాశాడు. పుప్పొడి రావడం తగ్గితే ఇంట్లో ఇబ్బంది ఉందని ఆ పుస్తకం చూసే నేను నేర్చుకున్నాను. పెట్టె తెరవకుండానే కుటుంబం క్షేమం తెలిసేది.

లాభమెంత? ఎక్కడ నేర్చుకోవాలి?

మా పెట్టెకు మంచి ఏడాదిలో నాలుగైదు కిలోల తేనె వస్తుంది. కొన్ని ఏళ్ళు ఏమీ రాదు. దీనితో చదువు ఖర్చంతా గడుస్తుందని నేను చెప్పను. పుస్తకాల ఖర్చుకు పనికి వస్తుంది. అసలు లాభం తోటలో ఉంది. గుమ్మడి, దోస, కాకర వంటి తీగలకు మగపూవు వేరు, ఆడపూవు వేరు. పుప్పొడిని మోసేవారు లేకపోతే పిందె నిలవదు.

ప్రక్క పొలంలో టమాటాకు మందు కొట్టేవారితో ముందే మంచిగా మాట్లాడండి. సాయంత్రం ఈగలు ఇంటికి చేరాక కొట్టమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

దూరం నుండి కుటుంబాలను కొని తెచ్చేటప్పుడు రోగం కూడా వస్తుంది. 1991-92లో థాయి సాక్ బ్రూడ్ అనే వైరస్ రోగం దక్షిణాదిన పుట్ట తేనెటీగలను చాలా నాశనం చేసింది. పిల్లలు నీరు నిండిన సంచుల్లా అయి చనిపోవడం దాని గుర్తు. మన ఊరి గుంపును మనమే పట్టుకోవడంలో ఈ భయం తక్కువ.

చదువుగా తీసుకోదలచినవారికి దారులున్నాయి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, పూణేలోని కేంద్రీయ తేనెటీగల పరిశోధన శిక్షణ సంస్థ (1962లో స్థాపితం) శిక్షణ ఇస్తాయి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో కూడా విచారించండి. బి.ఎస్సి. వ్యవసాయం, జంతుశాస్త్రం చదివేవారికి ఇది పరిశోధనాంశం కూడా.

అభ్యాసం

మా మేనల్లుడి నోటుబుక్కు నుండే ఈ ప్రశ్నలు తీసుకున్నాను.

1. ఐరోపా తేనెటీగలలో గుడ్డు నుండి ఈగ కావడానికి రాణికి 16, కూలి ఈగకు 21, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. రాణి గది మూత 8వ రోజు పడింది, ఆ రోజే పాత రాణి గుంపుతో వెళ్ళింది, అది నెలలో 10వ తేదీ అనుకోండి. కొత్త రాణి ఏ తేదీకి బయటికి వస్తుంది? (జవాబు: 18వ తేదీ ప్రాంతంలో. మన పుట్ట తేనెటీగకు ఒక రోజు ముందుగా కావచ్చు.)

2. ఒక గుంపును పట్టి రాణి తడిక పెట్టారు. నెల దాటినా తడిక తీయలేదు. పెట్టెలో పోతుటీగలు మాత్రమే పుడుతున్నాయి. ఏమి జరిగి ఉంటుంది?

3. చతురస్రం, సమబాహు త్రిభుజం, సమషడ్భుజి - ఈ మూడూ సందు లేకుండా నేలను కప్పగలవు. ఒకే వైశాల్యానికి వీటిలో చుట్టుకొలత దేనికి తక్కువ? దీనివలన ఈగకు మిగిలేదేమిటి?

4. మీ ఇంటి చుట్టూ ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో ఒక సంవత్సరం పాటు పట్టిక వ్రాయండి. పెట్టె కొనడానికి ముందు చేయవలసిన పని ఇదే. దీనికి డబ్బు అవసరం లేదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డకు ఈగ గానీ కందిరీగ గానీ కుట్టినపుడు ఏమైందో బడిలో ఉపాధ్యాయులకు, ఇంట్లో మేనమామలకు, తాతలకు చెప్పి ఉంచండి. మాలాంటి వాళ్ళు అడగడం మరిచిపోవచ్చు. మీరు చెప్పడం మరువవద్దు.